జీపు ఆగలేదు

సాయంత్రం నాలుగూ నలభైకి నాగాయలంక చేరాం. మూడు ట్రక్కులు, రెండు రబ్బరు పడవలు, నలభై ఒక్క మంది. వాన పడుతోంది. గట్టిగా కాదు, అలా అని ఆగనూ లేదు. మాకిచ్చిన చోటు కరకట్టను ఆనుకుని ఉన్న హైస్కూలు. ఆరు గదులు, ఒక వరండా. బావిలోకి వరద నీళ్లు దిగాయని, తాగొద్దని ఊళ్లోవాళ్లు ముందే చెప్పారు. బూట్లు విప్పితే పాదాలు తెల్లగా నానిపోయి ఉన్నాయి. ఆ తడి బూట్లే మళ్లీ తొడుక్కున్నాం.

నేను అప్పుడు హవల్దారుని. వాహనాల మెకానిక్కుని. మాది బంటుమిల్లి దగ్గర పల్లె. దళంలో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. నేనూ, మా నర్సింగ్ అసిస్టెంటూ. అతనిది శ్రీకాకుళం వైపు. మా ఊరు అక్కడికి డెబ్భై కిలోమీటర్లు కూడా ఉండదు. పదకొండు రోజుల్లో ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్తానని అడగనూ లేదు.

సుబేదారు సాబ్ ఉత్తర్వులు చదివి వినిపించారు. ఉదయం ఐదింటికి పడవలు లంకల్లోకి వెళ్తాయి. చిక్కుకున్నవాళ్లను తెచ్చి కట్ట మీద దింపుతాయి. అక్కడి నుంచి బండ్లు ఎత్తుకోవాలి. మొదటి రోజే ఆ లెక్క తప్పింది. కట్ట నానిపోయి ఉంది. మా ట్రక్కు బరువుకు అంచు జారింది. వెనక చక్రం గాల్లో ఉండగా తాడు కట్టి లాగాం. మూడు గంటలు పట్టింది.

"చిన్న బండ్లు కావాలి," అన్నారు సుబేదారు సాబ్.

మర్నాడు మండలం ఆఫీసు వాళ్లు రెండు బండ్లు పంపారు. రెండూ డీజిలువే.

ఒకటి పాత జీపు. చల్లపల్లిది. ఇరవై ఏళ్ల పైమాటే. యజమానే నడుపుతాడు, అరవై దాటిన మనిషి. మొదటి రోజే నన్ను అల్లుడూ అన్నాడు. నేను మావయ్యా అన్నాను. ఇంజిన్లో ఒక్క సెన్సారు లేదు. పంపు డీజిలును నెడుతుంది, నాజిల్ చిమ్ముతుంది, మండుతుంది. అంతే. సెల్ఫ్ మోటారు పాడైపోయింది. అందుకని మావయ్య దాన్ని ఎప్పుడూ కట్ట వాలు మీద, ముక్కు కిందికి పెట్టి ఆపేవాడు. బ్రేకు వదిలితే దొర్లుతుంది, గేరు వేస్తే అంటుకుంటుంది. దివిసీమంతా చాప పరిచినట్టు ఉంటుంది. కట్ట తప్ప వాలన్నదే లేదు. దారిలో ఇంజిన్ ఆగితే నలుగురు తోయాల్సిందే.

రెండోది కొత్త కారు, ఎత్తుగా ఉండే రకం. గుడివాడ నుంచి వచ్చింది. డ్రైవరుకు ముప్ఫై ఏళ్లుంటాయి. ఆ బండంటే అతనికి ప్రాణం. కామన్ రైల్ ఇంజిన్, టర్బో, పొగ గొట్టంలో ఒక జల్లెడ, అన్నింటి మీదా ఒక కంప్యూటరు. మొదటిసారి బానెట్ మీద చెయ్యి పెట్టేదాకా ఇంజిన్ నడుస్తోందని నాకు తెలియలేదు. వరండాలో నిలబడి మా కుర్రాళ్లు నవ్వారు.

"ఏది నమ్మొచ్చో రాసివ్వు," అన్నారు సుబేదారు సాబ్.

మూడు రోజులు రెండింటినీ చూశాను. రోజూ పొద్దున్నే ఆయిల్ కొలిచాను. ఎంత డీజిలు తాగాయో, ఎన్నిసార్లు మొరాయించాయో రాసుకున్నాను. జీపు రోజుకు అరలీటరు ఆయిల్ కార్చేది. కదిలేటప్పుడు నల్లటి పొగ. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు పళ్లు కదిలేవి. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. కానీ మోకాలి లోతు నీళ్లలో వెళ్లింది, వచ్చింది. కారు మెత్తగా వెళ్లేది. గుంతలో పడినా ముసలివాళ్లు మూలిగేవాళ్లు కాదు. అయితే రెండో రోజే నీళ్లు తగిలి ఒక సెన్సారు పనిచేయడం మానేసింది. బండి ముప్ఫై దాటలేదు. ప్లగ్గు తీసి తుడిచి ఆరబెట్టాక దారిలో పడింది.

కాగితం మీద ఇలా రాశాను. జీపు నమ్మకం. కారు సుఖం. అత్యవసరానికి జీపు. రాసి సంతకం పెట్టాను.

ఐదో రోజు ఒక ముసలి రైతును త్రాచు కరిచింది. అప్పుడు జీపు అవతలి రేవులో ఉంది. కారులో పంపాం. నర్సింగ్ అసిస్టెంటు వెంట వెళ్లాడు. అవనిగడ్డ దాటాక ముసలాయన ఊపిరిలో గురక తేడాగా వినిపించిందట. కారు ఆపించి, ఊపిరి బ్యాగు పెట్టి, బందరు దాకా దాన్ని నొక్కుతూనే ఉన్నాడు. ఆ బ్యాగంటే రబ్బరు బుడగ. దానికి ముక్కూ నోరూ మూసే మాస్కు ఉంటుంది. నొక్కితే గాలి లోపలికి వెళ్తుంది. ముసలాయన బతికాడు.

తిరిగొచ్చాక వరండాలో టీ తాగుతూ నాతో అన్నాడు.

"అన్నా, ఆ కారులో నా స్టెతస్కోపు పనిచేస్తాది. నీ జీపులో నా చెవులే పనిచెయ్యవు."

"నీ చెవుల కోసం కాదు తమ్ముడూ బండి. చేరడం కోసం," అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. నేను రాసిన కాగితం మాత్రం మార్చలేదు.

ఆరో రోజు వరద ఒక అడుగు పెరిగింది. డీజిలు పీపాలు పెట్టిన షెడ్డులోకి నీళ్లొచ్చాయి. ఒక పీపా మూత వదులుగా ఉంది. ఆ డీజిలును సీసాలో పోసి అరగంట నిలబెట్టి చూశాను. అడుగున వేలెడు నీళ్లు. గుడ్డ వేసి వడపోశాను, పైపైన తేరినదే బండ్లలో పోశాను. జీపుకు ఏమీ కాలేదు. రెండు దగ్గులు దగ్గి నడిచింది. కారులో పసుపు ల్యాంపు వెలిగింది. డీజిలులో నీళ్లున్నాయని దాని అర్థం. ఫిల్టరు కింద మర విప్పి నీళ్లు వదలాలి. దానికి కావాల్సిన పానా పెట్టె రెండో ట్రక్కుతో కోడూరు వెళ్లింది. రేపొస్తుంది.

"ఈ ల్యాంపుతోనే రోజంతా తిప్పానండీ. ఏం కాలేదు," అన్నాడు గుడివాడ డ్రైవరు.

"ఇప్పటిదాకా కాలేదు," అన్నాను.

ఏడో రోజు ఉదయం ఐదూ ఇరవై. లంకల నుంచి తెచ్చినవాళ్లను బడి గదుల్లోనే ఉంచాం. చివరి గదిలోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చి మమ్మల్ని పిలిచింది. కోడలికి కడుపులో నొప్పిగా ఉందట. తెల్లారుజామునుంచీ మెలికలు తిరుగుతోందట. కోడలి పేరు నాంచారమ్మ. ముప్ఫై నాలుగేళ్లు. వాళ్లది చేపల వేట. భర్త ఏడుకొండలు మా పడవలకు దారి చూపించేవాడు. ఏ మలుపులో ఎంత లోతుందో, ఎక్కడ సుడి ఉందో మా మ్యాపుల్లో లేదు, అతనికి తెలుసు. ఆ రోజు కూడా ఐదింటికే మావాళ్లతో లంకలోకి వెళ్లిపోయాడు.

నర్సింగ్ అసిస్టెంటు టార్చి వేసి ఆమె కళ్లు చూశాడు. రెప్పలు వాలుతున్నాయి. పూర్తిగా ఎత్తలేకపోతోంది. మోచేతి దగ్గర రెండు చుక్కలు. గుండుసూదితో పొడిచినంత. అప్పుడు చాప ఎత్తారు. దాని కింద పాము ఉంది. నల్లగా, తెల్ల కట్లతో. కట్లపాము.

మా దళం డాక్టరు సాబ్ అప్పుడు పడవ మీద ఉన్నారు. వైర్‌లెస్‌లో నర్సింగ్ అసిస్టెంటు ఆయనతో మాట్లాడాడు.

"కట్లపాము సాబ్. ఆడమనిషి. రెప్పలు వాలాయి. మాట బాగానే ఉంది. ఓవర్."

"మందు మొదలుపెట్టు. ఊపిరి మెషిన్ కావాలి. నేరుగా బందరు పంపు. దారంతా మాట్లాడించమను. మాట ముద్దగా వచ్చిందంటే వెంటనే బ్యాగు. ఓవర్."

అంబులెన్సు కోసం ఫోను చేశాం. ఉన్నవి రెండూ రోగులతో బయల్దేరి వెళ్లిపోయాయి. పక్క గదిలో ఒకావిడకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. నర్సింగ్ అసిస్టెంటు కదలడానికి లేదు. చల్లపల్లి మావయ్యకు రాత్రి నుంచి జ్వరం. బెంచీ మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. జీపు తాళం నా చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త అల్లుడూ. రెండో గేరు గట్టిగా లాగాలి."

గుడివాడ డ్రైవరు అప్పటికే కారు స్టార్టు చేశాడు. వెనక సీటు పడుకోబెట్టాడు. మీద దుప్పటి పరిచాడు.

"నేను తీసుకెళ్తానండీ. మీరు వెనక కూర్చోండి ఆవిడ దగ్గర," అన్నాడు.

"ల్యాంపు ఆరిందా?"

"లేదండీ."

"అయితే వద్దు."

"ఆగదండీ. నా బండి నాకు తెలుసు. పైగా దీంట్లో అయితే ఆవిడ మాట వినపడుద్ది."

"ఆగిపోయిన బండిలో విని ఏం చేస్తాం?" అన్నాను.

అతను ఇంజిన్ ఆపి దిగాడు. సైన్యంలో బండి విషయంలో మెకానిక్కు మాటే మాట. ఆ రోజు బడిలోనూ అదే చెల్లింది. నర్సింగ్ అసిస్టెంటు ఊపిరి బ్యాగు తెచ్చి నా పక్కసీట్లో పెట్టాడు. నా భుజం పట్టుకుని చెప్పాడు.

"అన్నా, ఆవిడ గొంతు నీకు వినిపిస్తూ ఉండాల."

"వింటాను," అన్నాను.

ఆరూ పదికి కదిలాం. బ్రేకు వదిలాను. జీపు వాలు మీద దొర్లింది. గేరు వేశాను, అంటుకుంది. వెనక పొడుగాటి సీటు మీద నాంచారమ్మను పడుకోబెట్టాం. తల అత్తగారి ఒడిలో. సెలైన్ సీసాను పైకప్పు కడ్డీకి కట్టాం. మొదటి పది నిమిషాలు వెనక్కి తిరిగి అరుస్తూ ఉన్నాను.

"ఏమ్మా, ఎంతమంది పిల్లలు?"

ముసలమ్మే జవాబు చెప్పింది. ఇద్దరట. ఆ మాట మూడుసార్లు అరిస్తే గానీ నాకు చేరలేదు. అవనిగడ్డ దాకా రోడ్డు ఉంది. ఆరూ నలభైకి దాటాం. మోపిదేవి దగ్గర రోడ్డు మీద నీళ్లు. జేగురు రంగు నీళ్లు, మోకాలికి తక్కువ. మొదటి గేరులో, ఒకే వేగంతో దాటించాను. ఇంజిన్ తడబడలేదు. ఇంజిన్ మీద నాకు గర్వం కలిగింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ క్షణం కారు అయితే ఇక్కడే నిలిచిపోయేదని అనుకున్నాను.

చల్లపల్లి దాటినప్పుడు ఏడూ పది. దుకాణాలు మూసి ఉన్నాయి. ఊరు దాటిన ఐదు నిమిషాలకు అద్దంలో చూశాను. వెనక సీటు మొత్తం కనిపించేలా ఆ అద్దం తిప్పి పెట్టాను. నాంచారమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏదో అంటోంది. కళ్లు మూసుకుని ఉన్నాయి.

"ఏంటమ్మా? ఏమంటోంది?" అని అరిచాను.

ముసలమ్మ వంగి చూసింది. నావైపు చెయ్యి ఊపింది.

"నిద్దరోతంది బాబూ! నొప్పి తగ్గినట్టుంది! పోనీ, పోనీ!"

మళ్లీ పెదవులు కదిలాయి. వేగం తగ్గించాను. ఇంజిన్ ఆపితే వినొచ్చు. ఆపితే మళ్లీ అంటుకోదు. రోడ్డుకు రెండువైపులా మునిగిన వరిచేలు. కనుచూపు మేరలో మనిషి లేడు. తోసేవాళ్లు లేరు. ఇంజిన్ నడుస్తుండగానే బండి నిలిపి, దిగి వెనక్కి వెళ్లి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టొచ్చు. అరనిమిషం పట్టేది. ఈ సంగతి నాకు తర్వాత తట్టలేదు. అప్పుడే తట్టింది. అయినా దిగలేదు. నా తలలో ఒకటే ఉంది. ఆగకూడదు. ఆగకుండా చేర్చాలి. యాక్సిలరేటరు తొక్కాను. జీపు మోత పెరిగింది.

ఏడూ యాభై రెండుకు బందరు ఆసుపత్రి గేటులోకి తిప్పాను. దారిలో ఒక్కచోట కూడా ఆగలేదు. స్ట్రెచరు వచ్చింది. డాక్టరమ్మ వచ్చి రెప్పలెత్తి చూసింది. ఛాతీ మీద చెయ్యి పెట్టింది. లోపలికి పరిగెత్తించారు. నేను ఊపిరి బ్యాగు చేత్తో పట్టుకుని వెనకే వెళ్లాను. అది ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

నలభై నిమిషాలు ప్రయత్నించారు. తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. కాగితం, పెన్ను చేతిలో ఉన్నాయి.

"దారిలో శ్వాస ఎప్పుడు ఆగిందండీ?"

నాగాయలంకలో బయల్దేరిన నిమిషం చెప్పాను. అవనిగడ్డ చెప్పాను. మోపిదేవి నీళ్ల దగ్గర ఎంతసేపు పట్టిందో చెప్పాను. చల్లపల్లి చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అది కాదండీ. శ్వాస ఎప్పుడు ఆగింది?"

"తెలియదండీ," అన్నాను.

ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నిద్దరోయిందండీ. నేను చూత్తానే ఉన్నాను. ఒళ్లోనే పడుకుంది," అంది డాక్టరమ్మతో. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే అయ్యాను.

తిరిగి బయల్దేరేటప్పుడు జీపును ఆసుపత్రి వార్డుబాయిలు తోశారు.

మర్నాడు ఉదయం గుడివాడ డ్రైవరు బాలింతనూ బిడ్డనూ కారులో బందరు తీసుకెళ్లాడు. అప్పటికింకా పానా పెట్టె రాలేదు. పసుపు ల్యాంపు వెలుగుతూనే ఉంది. సుబేదారు సాబ్ నా వైపు చూశారు. నేను పక్కకు తప్పుకున్నాను. పదకొండు గంటలకు తిరిగొచ్చాడు. వెళ్లడం, రావడం నూరు కిలోమీటర్లు. ఎక్కడా ఆగలేదు. బండిని వరండా ముందు నిలిపి, చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ సాయంత్రం పానాలొచ్చాక ఫిల్టరు విప్పాను. గ్లాసులో సగం నీళ్లు దిగాయి. ఆ నీళ్లతో అది అంతదూరం ఎలా నడిచిందో నాకు తెలియదు. ముందురోజు పొద్దున నడిచేదో లేదో కూడా తెలియదు. ఇంజిన్లు విప్పి బిగించడంలో ఇరవై రెండేళ్లు గడిపాను. ఈ ప్రశ్నకు విప్పి చూసుకోవడానికి ఏమీ లేదు.

ఏడుకొండలుకు అంత్యక్రియలు అయ్యాక, మేం వచ్చిన తొమ్మిదో రోజున నాతో మాట్లాడే తీరిక దొరికింది. తలకు గుండు. పడవ దగ్గర నిలబడి తాడు చుట్టుకుంటున్నాడు. మళ్లీ పనిలోకి వచ్చాడు. వద్దని మేం చెప్పినా వచ్చాడు. లంకలో ఇంకా పదిహేను గడపల వాళ్లున్నారు.

"మీరే కదండీ తోలింది?"

"నేనే."

"ఆకర్న ఏవన్నా అందాండీ?"

వాన వెలిసింది. ఏటి మీద గేదె కళేబరం ఒకటి కొట్టుకుపోతోంది. దాన్ని చూస్తూ జవాబు చెప్పాను.

"ఏమీ అనలేదు తమ్ముడూ. నిద్రలోనే పోయింది. బాధపడలేదు."

"అంతేలెండి," అన్నాడు. "అమ్మా అదే అంది." తాడు పడవలో వేసి దిగాడు. ఆ రోజు పదకొండు మందిని తీసుకొచ్చాడు.

కట్లపాము కాటులో మనిషికి ఒళ్లు కదలదు, గొంతు లేవదు, రెప్ప ఎత్తలేరు, కానీ తెలివి ఉంటుంది. అన్నీ వినిపిస్తాయి. నర్సింగ్ అసిస్టెంటు నాకు ఆ మాట దళం తిరుగు ప్రయాణంలో చెప్పాడు. నన్ను బాధపెట్టాలని కాదు. తెలుసనుకుని చెప్పాడు.

పన్నెండో రోజు ఉదయం తొమ్మిదింటికి పక్కలు చుట్టాం. పడవల్లో గాలి తీశాం. బడిలో నేలంతా కడిగి అప్పగించాం. చల్లపల్లి మావయ్య జ్వరం తగ్గి వచ్చాడు. జీపు వాలు మీద నిలబెట్టుకుని మాకు చెయ్యి ఊపాడు. గుడివాడ మీదుగా వెళ్లాం. ట్రక్కు వెనక కూర్చుని నందివాడ చేల మీద నీళ్లు చూస్తూ నిద్రపోయాను. ఎవరో లేపేదాకా లేవలేదు.

రెండేళ్లకు రిటైరయ్యాను. ఇప్పుడు గుడివాడలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. డీజిలు పంపులు చూస్తాను. జనం అడుగుతూ ఉంటారు.

"మిలటరీ గారూ, డీజిలు బండి తీసుకుందామనుకుంటున్నామండీ. పాత రకం గట్టిదంటారు, కొత్తది సుఖమంటారు. మీరేమంటారు?"

తెలిసింది చెబుతాను. ఏ పంపు ఎన్నేళ్లు వస్తుందో, ఏ ఫిల్టరు ఎప్పుడు మార్చాలో, మన చెరువు గట్ల మీద తిరిగే బండికి ఏది చిక్కు తెస్తుందో చెబుతాను. అందులో అబద్ధం ఉండదు. వాళ్లు తలూపి వెళ్తారు. నేను కాసేపు కూర్చుంటాను. ఈ మధ్య తొందరగా అలసిపోతున్నాను.

పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు గొంతు లేకుండా మాటలు అని చూసుకుంటాను. మా ఆవిడ రెండుసార్లు చూసింది. 'అత్తా' అన్నప్పుడు పెదవులు కలవవు. 'నీళ్లు' అన్నా కలవవు. నేను ఆ జీపు అద్దంలో చూసినప్పుడు ఆమె పెదవులు తెరుచుకుని, ఒక్కసారి కలిసి, విడిపోయాయి. రెండుసార్లూ అంతే. 'ఆపు' అని చూస్తాను. అలాగే ఉంటుంది. 'అమ్మ' అని చూస్తాను. అదీ అలాగే ఉంటుంది.